మట్టకన్నా ముందు మాట

మట్టల ఆదివారం దగ్గర పడుతోంది. ఈ చెన్నైలో ఏ తెలుగు చర్చికి వెళ్లినా ఆ పొద్దున పిల్లలదే సందడి. కొత్త గౌన్లు, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, చేతిలో లేత ఆకులు పట్టుకుని, వరుసగా నడుస్తూ "హోసన్నా" అని గొంతు చించుకుని అరుస్తారు. పెద్దవాళ్లు ఫోన్లు తీసి వీడియోలు పడతారు. అరగంటలో అంతా అయిపోతుంది. ఆకు ఇంటికొచ్చాక దాన్ని శిలువలా మడిచి తలుపు మీదో, పటం వెనకో పెట్టేస్తారు.

ఆ పిల్లల్లో ఎవరినైనా "హోసన్నా అంటే ఏంట్రా?" అని అడిగి చూడండి. చిన్నవాళ్లు "జై" అంటారు. కొంచెం పెద్దవాళ్లు "దేవుడికి స్తోత్రం" అంటారు. మూడేళ్లుగా సండేస్కూల్లో చిన్న తరగతికి పాఠం చెబుతున్నాను, నాకు వినపడే జవాబులు ఈ రెండే. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు, అంతే.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. పండగ రోజు పిల్లల చేతికి మట్ట ఇచ్చే ముందు ఆ మాటకి అర్థం చెప్పాలి. అదీ వాళ్లకి తెలిసిన ఇంటి తెలుగులో చెప్పాలి. ఇది చర్చి సంగతి కదా, తెలుగు శాఖ గోడపత్రికకి ఎందుకు అని మీరు అడగొచ్చు. కాస్త చదవండి, ఇది సగం మన శాఖ పనే అని మీకే తెలుస్తుంది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. హోసన్నా హీబ్రూ నుంచి వచ్చిన మాట. "రక్షించు, దయచేసి రక్షించు" అని దానికి అర్థం. 118వ కీర్తనలో ఆ మొర ఉంది. పస్కా పండగకి యెరూషలేము వచ్చే యూదులు పాడుకునే కీర్తనల్లో అదొకటి. వాడగా వాడగా ఆ మొర సంతోషంతో వేసే కేక కూడా అయింది. ఇలా మారడం మనకి కొత్తేమీ కాదు. కార్తీకంలో మాల వేసుకున్నవాళ్లు గుంపుగా "శరణం" అంటుంటే వాళ్ల గొంతులో ఎంత ఉత్సాహం ఉంటుంది! కానీ ఆ మాటకి అర్థం "నాకు దిక్కు నువ్వే" అని. ఉత్సాహం నిజమే, అడుక్కోవడమూ నిజమే. హోసన్నా కూడా అలాంటి మాటే.

మరి మన పిల్లలకి "జై" ఒక్కటే ఎందుకు తెలిసింది? దానికి కారణం మన తెలుగులోనే ఉంది. మన ఇళ్లలో ఉండే పాత తెలుగు బైబిలు తీసి మత్తయి సువార్త 21వ అధ్యాయం చూడండి. జనం కేక వేసే చోట "జయము" అని ఉంటుంది. అదే పుస్తకంలో వెనక్కి వెళ్లి 118వ కీర్తన 25వ వచనం చూస్తే "రక్షించుము" అని ఉంటుంది. అక్కడా ఇక్కడా మూలంలో ఉన్నది ఒకే కేక. అనువాదకులు ఒక చోట దాని సంతోషాన్ని పట్టుకున్నారు, ఇంకో చోట దాని మొరని పట్టుకున్నారు. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించేవాళ్లు లేకపోతే పిల్లలకి ఒక సగమే అందుతుంది. మన అనువాద పాఠంలో గంటసేపు మాట్లాడుకోదగ్గ ఉదాహరణ ఇది.

పండగ పేరు కూడా ఇలాగే. మా ప్రొటెస్టెంట్ చర్చిలో "మట్టల ఆదివారం" అంటాం. కాథలిక్కు నేస్తాలు "మ్రానికొమ్మల ఆదివారం" అంటారు. పక్కనున్న తమిళ చర్చిలో "కురుత్తోలై ఞాయిరు", అంటే మొవ్వాకు ఆదివారం. నిజానికి పిల్లల చేతిలో ఉండేది ఆ మొవ్వాకే, పచ్చగా పండినట్టుండే లేత ఆకు. "ఇది మట్ట కాదు కదక్కా, మట్ట గట్టిగా ఉంటుంది కదా" అని ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. సువార్తలు తీసి చూస్తే యోహాను ఒక్కడే ఖర్జూరపు మట్టలు అన్నాడు. మత్తయి, మార్కు కొమ్మలు అన్నారు. లూకా అయితే ఆకూ కొమ్మా ఏదీ చెప్పలేదు, దారిలో పరిచిన బట్టల మాటే చెప్పాడు. ఏ పేరు చెప్పినా దాని వెనక ఒక కథకుడు ఉన్నాడన్నమాట. మ్రాను అంటే మాను అని చెప్పగానే, అంతవరకు నోరు తిరగని ఆ పేరు పిల్లలకి సొంతమైపోతుంది.

ఇక దారిలో బట్టలు పరవడానికి మన తెలుగులో ఒక మాటే ఉంది, నడపావడ. గౌరవించాల్సిన వాళ్లు నడిచి వస్తుంటే కింద పరిచే బట్ట. ఈ మాట నేను నిఘంటువులో చూసి ఇంట్లో చెబితే మా అవ్వ "దేవుడి ఊరేగింపులో పరుస్తారు, దానికి నిఘంటువు ఎందుకే" అంది. అవ్వకి తెలిసిన మాట మనవరాలికి పుస్తకంలో దొరకడం, ఆ మనవరాలు చదువు చెప్పే పిల్లలకి అసలు తెలియకపోవడం, మన పరిస్థితి ఇదీ.

ఇప్పుడు గాడిద. ఈ కథ చెప్పేటప్పుడు గాడిద పేరు ఎత్తగానే పిల్లలు కిసుక్కుమంటారు. ఇంట్లో అది తిట్టు కదా. నవ్వనివ్వాలి. తర్వాత అడగాలి, "రాజు దేని మీద రావాలి?" అని. గుర్రం అంటారు, రథం అంటారు, ఒకడు బుల్లెట్ బండి అన్నాడు. "మరి ఈయన గాడిద పిల్ల మీద ఎందుకొచ్చాడు? అదీ సొంతది కూడా కాదు, అడిగి తెచ్చుకున్నది." మార్కు సువార్తలో ఇంకో చిన్న ముక్క ఉంది. పని కాగానే దాన్ని తిరిగి పంపిస్తానని కూడా చెప్పమన్నాడు. పక్కింటి పిల్లవాడి సైకిలు తీసుకుని మర్చిపోయేవాళ్లకి ఈ ముక్క బాగా తగులుతుంది. గొప్పతనం అంటే భయపెట్టడం కాదని ఆరేళ్ల పిల్లకి ఇంతకంటే తేలిగ్గా ఎలా చెబుతాం?

ఈ పండగ పిల్లలదే అనడానికి కథలోనే ఆధారం ఉంది. ఊరేగింపు అయ్యాక యేసు దేవాలయంలోకి వెళ్లాడు. అక్కడ డబ్బు మార్చేవాళ్ల బల్లలు పడదోశాడు. తర్వాత గుడ్డివాళ్లు, కుంటివాళ్లు ఆయన దగ్గరికి వస్తే బాగు చేశాడు. ఇదంతా చూస్తున్న పిల్లలు అక్కడే హోసన్నా అని కేకలు వేశారు. పెద్ద యాజకులకి కోపం వచ్చింది. యేసు పిల్లల పక్షమే మాట్లాడాడు. ఇది మత్తయి రాసినది. ఆ పిల్లలకి వరుసలో నడవమని ఎవరూ నేర్పలేదు. కళ్ల ముందు జరిగింది చూసి కేక వేశారు. మన పిల్లలకి మనం కేక నేర్పుతున్నాం, చూడాల్సింది చూపించడం లేదు.

దీనికి పెద్దవాళ్లు చెప్పే జవాబు ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. "ముందు కంఠతా పట్టనీ. అర్థం పెద్దయ్యాక అదే తెలుస్తుంది. మేమంతా అలా నేర్చుకున్నవాళ్లమే" అంటారు. నిజమే. ఎక్కాలు అలాగే వచ్చాయి, సుమతీ శతకం అలాగే వచ్చింది. కంఠతా పట్టడానికి నేను వ్యతిరేకిని కాను. చిన్నప్పుడు నోటికి వచ్చింది ముసలితనంలో కూడా తోడుంటుంది. జ్ఞాపకం తప్పిన పెద్దవాళ్లు కూడా కీర్తనలు తప్పు లేకుండా చెప్పడం మనం చూస్తూనే ఉన్నాం.

అయితే ఆ పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో ఆలోచించాలి. గుంటూరులోనో నెల్లూరులోనో పిల్ల ఒక వాక్యం అర్థం తెలియకుండా నేర్చుకున్నా, బడిలో, వీధిలో, పేపరులో తెలుగు దానితో పాటే పెరుగుతుంది. పదేళ్లకి ఆ వాక్యం తనంతట తానే విచ్చుకుంటుంది. మన పిల్లలకి అలా కాదు. 2006 చట్టం తర్వాత ఇక్కడి బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం నేర్చుకోవాలి. నేర్చుకోవడం మంచిదే, ఈ ఊరి భాష అది, మన అన్నం ఆ భాషలోనే ఉంది. దాంతో పాటు ఇంగ్లీషు ఉంటుంది. తెలుగు ఇంట్లో మాట్లాడే నాలుగు మాటల దగ్గరే ఆగిపోతుంది. అందుకే మన సండేస్కూళ్లలో పిల్లలు కంఠత వాక్యాలని తమిళ అక్షరాల్లోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాసుకుని బట్టీ పడతారు. తమిళ అక్షరాల్లో క, గ రెండింటికీ ఒకే అక్షరం, ప, బ లకీ అంతే. "బలము" కాస్తా "పలము" అయినా ఎవరూ గమనించరు. అర్థం తెలియనప్పుడు ఏ అక్షరం అయితే ఏంటి? అలాంటి పిల్లకి పెద్దయ్యాక అర్థం ఎక్కణ్ణుంచి తెలుస్తుంది? పెద్దయ్యే కొద్దీ దానికి తెలుగు ఇంకా దూరమే అవుతుంది. అర్థం ఇప్పుడు చెబితేనే ఉంటుంది.

మన ఊరి చరిత్ర కూడా ఈ విషయంలో నాకు తోడొస్తుంది. తెలుగులో అచ్చైన తొలి పుస్తకాలు 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో వచ్చాయని మనం చదువుకున్నాం. వాటిని తెలుగు చేసిన బెంజమిన్ షుల్జ్ ఇక్కడ మద్రాసులో పనిచేసినవాడు. ఆ పుస్తకాల్లో ఒకటి చిన్న ప్రశ్నోత్తరి, అంటే నమ్మకాన్ని ప్రశ్నలూ జవాబులుగా నేర్పే పుస్తకం. ఈ రకం పుస్తకాలకి పేరు తెచ్చింది మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలకి చెప్పుకోవడానికి రాశాడు. అందులో ఒక్కో ముక్క చెప్పగానే దాని అర్థం ఏమిటన్న ప్రశ్న వస్తుంది. మళ్లీ ముక్క, మళ్లీ ప్రశ్న. అంటే తెలుగు అచ్చు పుట్టినప్పుడే అర్థం అడిగే పద్ధతి దానితో పాటు వచ్చింది. మనం జవాబులు దాచుకుని ప్రశ్నని పోగొట్టుకున్నాం.

ఆదివారం ఆకుతో కథ అయిపోదు. ఆ వారమంతా ఉంది. అందులో పిల్లలకి చెప్పడం అందరికంటే కష్టమైంది శుక్రవారం. ఇక్కడ రెండు రకాల టీచర్లని చూస్తున్నాను. ఒకరు ఆ రోజునే దాటేస్తారు. ఆకు తర్వాత నేరుగా ఈస్టర్ గుడ్డు, చాక్లెట్టు. ఇంకొకరు కొరడా దెబ్బల సినిమా తెర మీద వేసి, ఐదేళ్ల పిల్లలు వెక్కి వెక్కి ఏడుస్తుంటే భక్తి వచ్చిందని సంతోషిస్తారు. ఆపైన "నీ వల్లే, నువ్వు అబద్ధం ఆడావు కాబట్టే" అంటారు. పెన్సిలు దొంగిలించిన పిల్లకి తను ఒక మనిషిని చంపాననే భయం పెట్టడం బోధ అవుతుందా? పాపం గురించి చెప్పాల్సిన వయసు వస్తుంది, అప్పుడు చెప్పొచ్చు.

పిల్లలకి చావు తెలియదు అనుకోవడం కూడా తప్పే. మన వీధుల్లో శవయాత్ర డప్పులతో, దారి పొడవునా పూలు చల్లుకుంటూ పోతుంది. పిల్లలు గడప మీద నిలబడి చూస్తూనే ఉంటారు. తాతని తీసుకెళ్లడం చూసిన పిల్లకి "మంచి మనిషిని అన్యాయంగా చంపేశారు, ఆయన తల్లి దగ్గరే నిలబడి చూసింది" అంటే చక్కగా అర్థమవుతుంది. అంతవరకు చెప్పి, కాసేపు ఊరుకుంటే చాలు.

ఇంకో సంగతి కూడా గట్టిగా చెప్పాలి. నాటకాల్లో "యూదులు చంపారు" అన్న మాట పిల్లల నోట పలికిస్తున్నారు. యేసు యూదుడు, ఆయన తల్లి యూదురాలు, శిష్యులు యూదులు, హోసన్నా అని అరిచిన పిల్లలు కూడా యూదులే. శిలువ రోమా వాళ్ల శిక్ష, తీర్పు ఇచ్చింది రోమా అధికారి పిలాతు. ఆ చావుని యూదులందరి మీదా మోపకూడదని కాథలిక్కు సంఘం 1965లో వాటికన్ మహాసభలో స్పష్టంగా ప్రకటించింది. "ఆదివారం జై కొట్టినవాళ్లే శుక్రవారం శిలువ వెయ్యమన్నారు" అని ప్రసంగాల్లో వింటూ ఉంటాం. ఆ రెండూ ఒకే గుంపు అని సువార్తల్లో ఎక్కడా లేదు. పైగా శుక్రవారం ఆయన వెనకాల ఏడుస్తూ నడిచిన జనం ఉన్నారని, అందులో ఆడవాళ్లు ఉన్నారని లూకా రాశాడు. ఒక జాతిని మొత్తంగా చెడ్డవాళ్లని పిల్లలకి నేర్పితే, ఆ అలవాటు ఆ ఒక్క జాతి దగ్గరే ఆగదు. పేర్లు పెట్టి గుంపులుగా దూరం పెట్టడం అంటే ఏంటో మన పేటల్లో వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

విమర్శ చేసి ఊరుకుంటే సరిపోదు కాబట్టి, చిన్న పిల్లలకి ఆ వారం ఎలా చెప్పొచ్చో నాకు తోచింది చెబుతాను. శనివారం సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి ఆకులు మడిపిస్తూ హోసన్నా అర్థం చెప్పండి. "నీకు ఎప్పుడైనా ఎవరినైనా కాపాడమని అరవాలనిపించిందా?" అని అడగండి. వాళ్లు చెప్పే జవాబులు వింటే మీకే ఆశ్చర్యం వేస్తుంది. పోయిన ఏటి ఎండుటాకు పక్కన పెట్టి చూపించండి. కొన్ని చర్చిల్లో భస్మ బుధవారం నుదుట పెట్టే బూడిద ఆ పాత ఆకులు కాల్చి చేసిందేనని చెప్పండి.

గురువారం యేసు శిష్యుల కాళ్లు కడిగిన రోజు. ఇంటికొచ్చినవాళ్లకి కాళ్లకి నీళ్లివ్వడం మనకి తెలిసిన మర్యాదే. కానీ గురువు శిష్యుడి కాళ్లు కడిగితే ఎలా ఉంటుంది? ఆ రోజు టీచరే పిల్లల కాళ్లు కడిగితే పాఠం వేరే అక్కర్లేదు. పేతురు వద్దన్నట్టే వాళ్లూ సిగ్గుపడి కాళ్లు వెనక్కి లాక్కుంటారు.

"ప్రతి ఏడూ తేదీ ఎందుకు మారుతుంది?" అని తప్పకుండా అడుగుతారు. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న, 2026లో ఏప్రిల్ 5న. ఉగాదిలాగే ఇదీ చంద్రుణ్ణి చూసుకునే పండగ అని చెప్పండి. మార్చి 21నాడో ఆ తర్వాతో వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. పస్కా పున్నమి పండగ కాబట్టి ఈ లెక్క. మేడ మీదికి తీసుకెళ్లి ఆ వారం చంద్రుణ్ణి చూపిస్తే పిల్లలు మర్చిపోరు.

ఈస్టర్ నాడు మన కాలేజీ అమ్మాయిలం మర్చిపోకూడనిది ఒకటుంది. తెల్లవారుజామున సమాధి దగ్గరికి వెళ్లింది ఆడవాళ్లు. నాలుగు సువార్తల్లోనూ మగ్దలేనే మరియ పేరు ఉంది. వాళ్లు వచ్చి చెబితే శిష్యులు వట్టి మాటలని కొట్టిపారేశారని లూకా దాచకుండా రాశాడు. నాటకంలో ఆ ఒక్క సంభాషణ ఉంచండి. వెనక బెంచీలో కూర్చున్న ఆడపిల్లలు తలెత్తి చూస్తారు.

ఇదంతా క్రైస్తవ ఇళ్ల గురించే రాశాను, నాకు తెలిసింది అదే కాబట్టి. కానీ వరలక్ష్మీ వ్రతం కథ అర్థం తెలియకుండా వినే పిల్ల, రంజాన్ ఉపవాసం ఎందుకో తెలియకుండా ఉండే పిల్ల కూడా మన వీధిలోనే ఉన్నారు. ఏ ఇంట్లో పిల్లకి ఆ ఇంటి భాషలోనే అర్థం చెప్పాలి. మన శాఖలో చదివేవాళ్లకి నిఘంటువు చూడటం వచ్చు, పాత మాటని ఇంటి మాటగా మార్చడం వచ్చు. చర్చి తెలుగులో పిల్లలకి తెలియని మాటలు ఒక యాభై తీసి, వాటికి ఇంటి తెలుగులో అర్థం రాసి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో వేసిస్తే ఏ సండేస్కూలైనా సంతోషంగా తీసుకుంటుంది. మ్రాను, మట్ట, నడపావడ, రక్షించుము. ఈ నాలుగూ నేను రాశాను. మిగతావి రాయడానికి వచ్చేవాళ్లు బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ శాఖ గదికి రండి. అక్షరాలు గుండ్రంగా రాసేవాళ్లు ఒకరిద్దరు తప్పకుండా కావాలి.